మొదటి పళ్ళెం

మఖ కార్తె. నెత్తురు తీసిన రోజు.

పొద్దున్నే గది కడిగాను. కిటికీ అద్దానికి పట్టిన ఉప్పు గీకి, సూదులు ఉడకబెట్టి, బల్లని వెలుతురు పడే చోటికి జరిపాను. మా ఆరో తెప్ప మీద మంచినీళ్ళ మర తొక్కడానికీ, నాచు ఆరబెట్టడానికీ, తాళ్ళు బిగించడానికీ అందరికీ వంతులున్నాయి. నెత్తురు చదవడానికి మాత్రం వంతు లేదు. అది నా ఒక్కదాని పని. ఏ రోజు ఏం జరిగిందో ఇలా రాసి పెట్టడం కూడా ఆ పనిలో భాగమే. నా తర్వాత వచ్చే చదువరికి పనికొస్తుందని.

యాభై దాటిన మగవాళ్ళంతా గుమ్మం బయట బారు తీరారు. బయట ఉన్నంతసేపూ ఒకటే గోల. ఒంటేలుకి వెళ్ళినవాడు ఎంతసేపటికి తిరిగొస్తున్నాడో దాని మీద వేళాకోళాలు. గడప దాటాక మాత్రం ఎవరూ నోరు విప్పరు. నేనూ విప్పను. నెత్తురు గదిలో మాట ఉండకూడదన్నది తెప్ప నియమం. తెప్పలు కట్టిన కొత్తలో ఈ పని చేసినావిడ ప్రతి మనిషినీ అడిగేదట, ఒంట్లో ఎలా ఉంది, ఏమైనా తేడా ఉందా అని. అంకె బాగుండదని భయపడ్డ ప్రతివాడూ ఒక సాకు చెప్పేవాడట. నిన్న జ్వరం, మొన్న నిద్ర లేదు, ఆ రొయ్యలు నాకు పడలేదు. ఆవిడ జాలిపడి అన్నీ నమ్మింది. నమ్మి, కొందరికి మందు వేళ దాటబెట్టింది. వాళ్ళని సముద్రంలో కలిపాక పెద్దలు కూర్చుని ఈ నియమం పెట్టారు. ఇక మీదట నెత్తురే చెప్పాలి, మనిషి చెప్పకూడదు అన్నారు.

సోమలింగం బాబాయ్ వచ్చి కూర్చున్నాడు. నాకు చుట్టం కాదు, పక్క గదిలో ఉంటాడు. నా చిన్నప్పటి నుంచీ బాబాయే. జబ్బు ఆయన ఎముకల్లోకి పాకి రెండేళ్ళవుతోంది, మాత్రలతో నెట్టుకొస్తున్నాడు. ఏదో అనబోయాడు. నేను పెదవుల మీద వేలు పెట్టాను. ఆయన నవ్వి చెయ్యి చాచాడు.

ఆయన వెనక మా అన్నయ్య చక్రపాణి. వాడిదీ అదే జబ్బు, ఎముకల్లోకి ఈ మధ్యే దిగింది. సూది దిగుతుంటే మొహం చిట్లించి, చచ్చిపోతున్నవాడిలా నాలిక బయటపెట్టాడు. నేను నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.

మఖ కార్తె. అంకెలు వచ్చాయి.

నెత్తురు మర ఒక రోజంతా తిప్పుకుని అంకెలు ఇచ్చింది. చాలావరకు ఎప్పటివే. సోమలింగం బాబాయ్ కాగితం దగ్గర ఆగిపోయాను.

పి.ఎస్.ఏ. అంటే ప్రొస్టేట్ క్యాన్సర్‌ని పట్టిచ్చే అంకె అని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు, తాతల కబుర్ల పుణ్యమా అని. కాని జబ్బు ఎముకలకు పాకాక ఆ ఒక్క అంకె చాలదు. ఎముక అరిగి మళ్ళీ కట్టుకుంటున్నప్పుడు పెరిగేది ఒకటుంది. దాన్ని మేం ఎముక అంకె అంటాం. లోపల ఎక్కడో కండ నలుగుతోందని చెప్పే ఎల్.డి.హెచ్. ఉంది. తెల్లకణాల లెక్క, హిమోగ్లోబిన్ ఉన్నాయి. అన్నీ కలిపి పట్టికలో పెడితే మనిషికి ఎంత కాలం ఉందో మూడు మాటల్లో ఒకటి వస్తుంది. పొడుగు గడువు, నడిమి గడువు, పొట్టి గడువు.

బాబాయ్ ఎముక అంకె పోయినసారికి రెట్టింపు దాటింది. ఎల్.డి.హెచ్. ఎక్కింది. తెల్లకణాలు ఎక్కాయి. నెత్తురు పలచబడింది. పట్టిక పొట్టి గడువు అంది.

పి.ఎస్.ఏ. మాత్రం దాదాపు కదల్లేదు. ఎద్దు కదలకుండా బండి కదిలినట్టుంది నాకు. అలా కూడా ఉంటుందని ఒడ్డున విశ్వవిద్యాలయంలో చదువుకున్నాను. జబ్బు కొన్నిసార్లు మొండి రూపానికి మారుతుంది, అప్పుడు పి.ఎస్.ఏ. పెరగకుండానే మనిషిని తీసుకుపోతుంది. అంటే నా అనుమానానికి కూడా ఒక సమాధానం సిద్ధంగా ఉంది. మా తెప్ప కింద మునిగిపోయిన రేపల్లె ఉందని మా నాన్న నీళ్ళలోకి వేలు చూపించి, అదిగో బస్టాండు, అదిగో రైలు కట్ట అనేవాడు. నాకెప్పుడూ నీళ్ళే కనిపించాయి. ఇవాళ అంకెల్లోకి చూస్తుంటే అదే గుర్తొచ్చింది. ఎముకల్ని బొమ్మ తీసే యంత్రం మాకు లేదు. ఉన్నది ఈ నీళ్ళే.

తెప్ప పెద్ద దమయంతి గారికి కాగితం ఇచ్చి వచ్చాను. అనుమానం గురించి నోరెత్తలేదు.

చిత్త కార్తెలో ఒడ్డు నుంచి పడవ వస్తుంది. పడవకి ఒక్కటే, ఎముకల్లోని జబ్బుని అణిచే రేడియం సూది. రోజురోజుకీ దాని బలం తగ్గిపోతుంది కాబట్టి దాచుకోవడం కుదరదు. పొట్టి గడువు వాళ్ళకి వెయ్యరు, అది పనిచేసేలోగా వాళ్ళు ఉండరని. మిగిలినవాళ్ళలో ఎవరి ఎముకలు ఎక్కువ చెడ్డాయో వాళ్ళకి వేస్తారు. ఈ అంకెలు వచ్చేదాకా, ఈసారి అది సోమలింగం బాబాయ్‌కే అనుకుంటూ వచ్చాం అందరం. ఆయన లేకపోతే తర్వాతి పేరు మా అన్నయ్యది.

ఈ చివరి మాట రాసే ముందు లేచి వెళ్ళి, తిరగెయ్యాల్సిన అవసరం లేని నాచు పలకలు తిరగేసి వచ్చాను.

పుబ్బ కార్తె.

గడువు సంగతి మేం ఎవరికీ నోటితో చెప్పం. మధ్యాహ్నం పొడుగు పాకలో అందరం బంతిగా కూర్చుంటాం. పొట్టి గడువు వచ్చిన మనిషికి చదువరి తన చేత్తో మొదటి పళ్ళెం తెచ్చి పెడుతుంది. ఆ రోజు నుంచి, ఉన్నన్నాళ్ళూ, ఆ మనిషికే మొదటి పళ్ళెం. ఆయన తొలి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే మిగతావాళ్ళకి వడ్డన. మర తొక్కే వంతు పోతుంది. ఆ మనిషి ఏదడిగినా ఎవరూ కాదనరు. అంతే. ఏడుపులూ ఓదార్పులూ లేకుండా విషయం అందరికీ తెలిసిపోతుంది. ఒడ్డున చదువు ముగించి తిరిగొచ్చిన కొత్తలో ఇంత మర్యాదైన పద్ధతి ఇంకెక్కడా చూడలేదనుకున్నాను.

పళ్ళెం పట్టుకుని పాకలో నడుస్తుంటే బంతంతా తలలు దించుకుంది. ఎవరి ముందు ఆగుతానో అని. బాబాయ్ పక్కవాడితో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. ఆయన ముందు వంగి పళ్ళెం పెట్టాను. ఆయన పళ్ళెం వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఏంటమ్మాయ్, చేప ముక్క పెద్దదేశావ్" అన్నాడు.

ఎదురు బంతిలో ఆయన భార్య అచ్చియ్యమ్మ పిన్ని చేతిలో ఉన్న గ్లాసు నేల మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చుంది. బాబాయ్ ముద్ద కలుపుకుని తిన్నాడు. అప్పుడు వడ్డన మొదలైంది.

అన్నయ్య ఇలాంటప్పుడు ఏదో ఒకటి అని అందరినీ తేలికపరిచే మనిషి. ఇవాళ తల ఎత్తలేదు. బాబాయ్ అంటే వాడికి ప్రాణం, అందుకే అనుకున్నాను.

పుబ్బ కార్తె, చివర.

బాబాయ్ గది ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటున్నారు. పాత తగాదాలన్నీ తీరుతున్నాయి. ఆయనతో మాట్లాడటం మానేసిన దర్జీ, ఎప్పుడో దాచేసుకున్న వలని ఉతికి మడతపెట్టి తెచ్చి ఇచ్చాడు. బాబాయ్ మొదట్లో సిగ్గుపడ్డాడు గాని, మెల్లగా రుచి మరిగాడు. రొయ్యల వేపుడు అడిగాడు. ఎండలో పడక అడిగాడు. పిన్ని చేత ఒళ్ళు పట్టించుకుంటున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఇది లేదట.

ఆ పిన్నే ఇవాళ వచ్చింది. ఎన్నాళ్ళో చెప్పమని అడగడానికి కాదు, నొప్పుల నూనె కోసం. మాట్లాడుతూ మాట్లాడుతూ అంది.

"ఎడం పక్కన చెయ్యెయ్యనివ్వట్లేదే. ఒత్తితే గుడ్లురుముతున్నాడు. అక్కడ ఎముక ఉబ్బుంది, బుడిపిలాగ. మచ్చ కూడా ఉంది, మానిపోయిన దెబ్బలాగ పచ్చగా. జబ్బు అలాగ పైకొస్తదా అమ్మా?"

రావచ్చు అన్నాను. నూనె ఇచ్చి పంపించాను. పంపించాక కుర్చీలో కూర్చుండిపోయాను. జబ్బు ఎముకలో ఉంటుంది. చర్మం మీద పచ్చ మచ్చ పెట్టదు. పచ్చ మచ్చ పెట్టేది దెబ్బ.

విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు కూడా ఎముక అంకె ఎక్కుతుంది. ఇది మొదటి సంవత్సరంలో చెప్పే పాఠం.

ఉత్తర కార్తె.

రెండు రోజులు తటపటాయించి బాబాయ్‌ని వలలు ఆరేసే చోట పట్టుకున్నాను. అది నెత్తురు గది కాదు కదా, అడగొచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను. పడ్డావా బాబాయ్ అన్నాను.

మీ పిన్నికి చెప్పనంటేనే అన్నాడు. చెప్పనన్నాను.

కార్తీకంలో మూడో తెప్ప మీద మనవరాలి పెళ్ళి ఉంది. పెళ్ళిలో చెక్కభజన చెయ్యాలని ముసలాయనకి కోరిక పుట్టింది. వయసులో ఉన్నప్పుడు చేతుల్లో చెక్కలు మోగిస్తూ ఎగిరి గిరుక్కున తిరిగే అడుగు ఆయనదేనట, అందరూ అదే చూడ్డానికి వచ్చేవారట. నెత్తురు రోజుకి రెండు మూడు వారాల ముందు, తెప్ప చివర ఎవరూ తిరగని చోట, ఆ అడుగు వెయ్యబోయి నాచు మీద జారి తాళ్ళు కట్టే గుంజ మీద పడ్డాడు. ఒక్కడివేనా అంటే ఒక్కణ్ణే అన్నాడు. ఊపిరి పీలిస్తే పొడిచేదట. తర్వాత దగ్గు పట్టుకుంది, జ్వరం కూడా తగిలింది. ముసలి వయసులో గెంతులేంటని పిన్ని తిడుతుందని, నవ్వుతారని, ఎవరికీ చెప్పలేదు.

కండ నలిగితే ఎల్.డి.హెచ్. ఎక్కుతుంది. దగ్గూ జ్వరం ఉంటే తెల్లకణాలు ఎక్కుతాయి. ఆయన చెప్తుంటే నేను ఒక్కో అంకెనీ మనసులో దింపుకుంటూ వచ్చాను.

"నాకు చెప్పి ఉండాల్సింది బాబాయ్."

"చెబ్దామనే వచ్చా. నువ్వు నోటిమీద ఏలు పెట్టావుగా."

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

పళ్ళెం పెట్టాకైనా చెప్పొచ్చు కదా అన్నాను, నా తప్పులో కొంత ఆయన మీదికి తోసెయ్యాలని.

"పడ్డందుకు ఇంతౌద్దని నాకేం తెలుసు. నెత్తురు చెప్పింది గదా, నిజమే అనుకున్నా. పైగా ఇప్పుడు పడ్డానూ గిడ్డానూ అంటే, సావంటే బయపడి సాకులు చెబ్తన్నాడంటారు. ఆ మాట పడేకన్నా ఇదే నయం."

ఆయన్ని నెత్తురు గదికి తీసుకెళ్ళి మళ్ళీ నెత్తురు తీశాను. పెద్దలకి చెప్పకుండా రెండోసారి తియ్యకూడదు. తీశాను. ఈసారి వేలు పెట్టలేదు గాని, ఆయన అలవాటు కొద్దీ తనే మాట్లాడలేదు.

హస్త కార్తె.

ఎముక అంకె దిగుతోంది. ఎల్.డి.హెచ్. మామూలుకొచ్చింది. తెల్లకణాలు మామూలే, నెత్తురు కూడా కొంచెం చిక్కబడింది. పి.ఎస్.ఏ. ఎక్కడిదక్కడే ఉంది. పట్టిక నడిమి గడువు అంది. నడిమి గడువు వాళ్ళలో అందరికంటే ఎముకలు చెడ్డది ఈయనకే. అంటే పడవలో వచ్చే సూది ఈయనది.

రేపు దమయంతి గారికి చెప్తాను.

హస్త కార్తె, మర్నాడు.

చెప్పలేదు. ఆలోచించాల్సింది ఉంది. పక్కటెముకలు విరిగింది దెబ్బకేనా? జబ్బు తినేసి ఉంటేనే కదా అంత తేలిగ్గా విరిగేది? అప్పుడు మొదటి అంకే నిజం. రెండోసారి దిగింది తాత్కాలికం కావచ్చు. ఇంకొన్నాళ్ళు ఆగి మూడోసారి చూస్తే గాని తేల్చి చెప్పలేం. ఇవన్నీ సరైన అనుమానాలే. ఏ పుస్తకంలో చూసినా తప్పు పట్టడానికి లేదు.

మొదటిసారి అంకెలు వచ్చిన రోజున ఇన్ని అనుమానాలు నాకెందుకు రాలేదు? వచ్చింది ఒక్కటి. దాన్ని కూడా మింగేశాను.

మధ్యాహ్నం మొదటి పళ్ళెం నా చేత్తోనే తీసుకెళ్ళి పెట్టాను. బాబాయ్ నా మొహంలోకి చూశాడు, అంకెలు ఏమన్నాయని. నేను చేప ముక్క సర్దుతున్నట్టు వంగాను.

హస్త కార్తె, ఆ తర్వాత.

అన్నయ్య మర తొక్కే వంతులో ఉంటే పక్కన వెళ్ళి కూర్చున్నాను. చెప్పడానికే వెళ్ళాను. వాడు తొక్కుతూ, ఊపిరి మధ్య మధ్యలో మాట్లాడుతూ, సూది సంగతి ఎత్తాడు. సూది వేశాక వారం రోజులు ఎవరి పక్కనా కూర్చోకూడదంట కదా, మీ వదిన ఆ వారం కోసం ఇప్పటినుంచే ఎదురుచూస్తోందన్నాడు. గుండు కొట్టించుకున్నాడు, ఎందుకురా అంటే, కొత్త జీవితం అన్నాడు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దవాడు. అమ్మ పోయాక నా జడలు వేసినవాడు.

నొప్పి పుడుతుందా అని అడిగాడు. ఏం పుట్టదు అన్నాను. అదొక్కటే నేను చెప్పగలిగింది. వాడికి వెయ్యబోని సూది గురించి.

వచ్చేస్తుంటే, సోమలింగం బాబాయ్ ఎలా ఉన్నాడే అన్నాడు, మర కేసి చూస్తూ. ఫరవాలేదు అన్నాను. ఇంకేం అడగలేదు.

చిత్త కార్తె.

ఒడ్డు నుంచి కబురొచ్చింది. పడవ ఎక్కించే ముందు సూది మోతాదు మనిషి బరువుని బట్టి కలపాలి కాబట్టి, పేరూ బరువూ ఇవాళే పంపాలి. దమయంతి గారు గుమ్మంలో నిలబడి, చక్రపాణి బరువెంత హైమా అని అడిగారు.

సోమలింగం బాబాయ్ బరువు చెప్పాను.

ఆవిడ లోపలికొచ్చి కూర్చున్నారు. అంతా చెప్పాను. దెబ్బ, దగ్గు, రెండోసారి నెత్తురు తియ్యడం, అంకెలు. ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివారు. నియమం తప్పినందుకు తిడతారనుకున్నాను. ఆవిడ అడిగింది వేరు.

"ఈ రెండోది ఎప్పుడొచ్చింది?"

హస్త కార్తెలో అన్నాను. ఆవిడ నా వంక ఒకసారి చూసి, కాగితాలు మడిచి, బరువు ఇంకోసారి చెప్పమన్నారు. ఆలస్యం ఎందుకైందని అడిగితే చెప్పడానికి అనుమానాలన్నీ వరసగా పెట్టుకున్నాను. అడగలేదు.

అన్నయ్యకి నేనే చెప్పాను. బాబాయ్ పడ్డాడనీ, అంకె తప్పుగా చదివాననీ, సూది ఆయనదనీ, వాడు వచ్చే పడవ దాకా ఆగాలనీ. సరే అన్నాడు. దెబ్బ ఎలా తగిలిందని గాని, ఎక్కడ పడ్డాడని గాని అడగలేదు. వంతు కాకపోయినా వెళ్ళి మర ఎక్కి సాయంత్రం దాకా తొక్కాడు. ఆ రోజు తెప్పంతా నీళ్ళు పొంగిపొర్లాయి. వదిన రెండేసి బిందెలు నింపుకుంటూ, ఏమైంది మీ అన్నకి అంది.

చిత్త కార్తె, పడవ వెళ్ళాక.

పెట్టిన మొదటి పళ్ళెం వెనక్కి తీసిన సంగతి ఇంతవరకు లేదు. ఎలా తియ్యాలో పద్ధతి లేదు. పడవ రావడానికి ముందే ఒక మధ్యాహ్నం, అందరూ కూర్చున్నాక బాబాయ్ ముందు ఖాళీ చేతుల్తో నిలబడి, నేను తప్పు చదివాను, క్షమించు అన్నాను.

"పోనీలే అమ్మాయ్. పళ్ళెం మాత్రం ఇలాగే కానియ్. అలవాటైపోయింది" అన్నాడు.

ముందు పిన్ని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆ తర్వాత, ముసలి వయసులో గెంతులేమిటని ఆ బంతిలోనే మొదలుపెట్టింది. నేను మాటిచ్చినట్టే పిన్నికి చెప్పలేదు. దమయంతి గారు చెప్పి ఉంటారు. దర్జీ మర్నాడే వచ్చి వల పట్టుకుపోయాడు.

సూది వేశాక బాబాయ్ వారం పాటు తెప్ప చివర గుడారంలో ఒక్కడే ఉన్నాడు. అక్కణ్ణించి చెక్కల చప్పుడు వినపడేది. కూర్చునే, మెల్లగా.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. సొంత అన్నకి రావాల్సింది వదులుకుని నిజం చెప్పింది అని నా వెనక అనుకుంటున్నారట. ఆ మాట వదిన మోసుకొచ్చింది. విన్నప్పటి నుంచీ పొడుగు పాకలో తినలేకపోతున్నాను. పని ఉందని పళ్ళెం గదికి తెప్పించుకుంటున్నాను.

విశాఖ కార్తె. నెత్తురు తీసిన రోజు.

పెద్దల ముందు గట్టిగా వాదించి నియమం మార్పించాను. ఇప్పుడు నెత్తురు గదిలో మాట ఉంది. సూదికి ముందు అడుగుతాను, చెప్పిందంతా కాగితం అంచున రాసి, అంకెలతో కలిపి చూస్తాను. నమ్మడం వేరు, వినడం వేరు అని వాదించాను. దాంతో ఇవాళ బారు కదల్లేదు. ఒకాయన మోకాళ్ళ గురించి చెప్పాడు. ఒకాయన కోడలి చేతి కూర గురించి చెప్పాడు. సోమలింగం బాబాయ్, పెళ్ళిలో కుర్చీలో కూర్చునే చెక్కలు వాయించాననీ, అయినా అందరూ తననే చూశారనీ చెప్పాడు. ఆయన అంకెలు ఇంకా రాలేదు. మనిషి కొంచెం తేరుకున్నట్టున్నాడు. అది నా కోరిక కూడా కావచ్చు.

అన్నయ్య వచ్చి కూర్చున్నాడు. నాలిక బయటపెట్టలేదు. చెయ్యి చాచాడు.

"ఏమైనా చెప్పాలా అన్నయ్యా? జ్వరం, దెబ్బ, నొప్పి..."

"సోమలింగం బాబాయ్ పడ్డప్పుడు నేనక్కడే ఉన్నానే."

పట్టీ కట్టడం ఆపేశాను.

తాళం వెయ్యడానికి వాణ్ణి తీసుకెళ్ళాడట బాబాయ్. పడ్డాక లేవదీసింది వాడే. నడిపించుకొచ్చింది వాడే. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడట. ఇదంతా తన చేతిలో ఉబ్బిన నరం కేసి చూస్తూ చెప్పాడు.

"నువ్వు బాబాయ్‌కి పళ్ళెం పెడతంటే చెబ్దామనుకున్నా. ఒట్టు గుర్తొచ్చింది. ఒట్టుందిగదా అని..." ఆగాడు. "హాయిగా అనిపించిందే. అది చెప్పాలని."

బయట బారులో ఎవరో, ఏంటయ్యా చక్రపాణీ, లోపల పురాణం చెప్తన్నావా అని అరిచారు. అందరూ నవ్వారు.

నేనడిగి ఉంటే చెప్పేవాడివా అన్నాను.

"ఆరోజు గుమ్మంలో నిలబడి, నువ్వు బాబాయ్‌ని అడుగుతావేమోనని భయపడ్డాను" అన్నాడు.

అప్పుడు నేను అనాల్సిన మాట ఒకటి ఉంది. అనలేదు. పట్టీ బిగించి, నరం చూసుకుని, సూది దింపాను. నెత్తురు ఎప్పటిలాగే వచ్చింది. ముదురు రంగు, కొంచెం చిక్కగా. నాదీ అలాగే ఉంటుంది. వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యి వేసి నొక్కాడు, చిన్నప్పుడు జడ వెయ్యడం అయిపోయిందని చెప్పడానికి నొక్కినట్టు.

గది కడిగి, సూదులు ఉడకబెట్టాక, మఖ కార్తెలో ఏం రాశానో తీసి చదివాను. ఆయన ఏదో అనబోయాడు, నేను పెదవుల మీద వేలు పెట్టాను అని ఉంది. ఆ వరస తప్పు. దాన్ని కొట్టెయ్యడం లేదు. నా తర్వాత వచ్చే చదువరి రెండూ చూడాలి. అందుకని జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

సోమలింగం బాబాయ్ గడప దాటుతున్నప్పుడే కుడి చెయ్యి ఎడమ పక్కన నొక్కి పెట్టుకుని ఉన్నాడు. బల్ల మీద కూర్చోవడానికి మొదటిసారి కుదరలేదు, రెండోసారి కూర్చున్నాడు. నేను చూశాను. ఆయన ఇంకా నోరు తెరవలేదు, నా వేలు పెదవుల మీదికి వెళ్ళింది. ఆయన భుజం మీదుగా గుమ్మం కనిపిస్తోంది. గుమ్మంలో మా అన్నయ్య నిలబడి ఉన్నాడు.